ఐర్లండ్ పల్లెల్లో బూట్లు చేత్తో పట్టుకుని చర్చికి నడిచేవాళ్ళట, నిజమేనా?

డబ్లిన్_పద్మ
అందరికీ నమస్తే. మొన్న సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మేయో కౌంటీ వెళ్ళాం. కాసిల్‌బార్ పక్కన టర్లో పార్క్‌లో నేషనల్ మ్యూజియం వాళ్ళ పల్లె జీవితం మ్యూజియం ఉంది, 2001లో తెరిచారు, టికెట్ లేదు. గడ్డితాళ్ళతో అల్లిన కుర్చీలు, చేపల బుట్టలు చూసుకుంటూ పోతుంటే ఒకచోట ఆవుతోలు చెప్పులు కనిపించాయి. వెంట్రుకలు బయటికే ఉన్నాయి. మా వాడు "అమ్మా, ఇది చెప్పా, దూడా?" అన్నాడు. వాటి పేరు పాంపూటీలట.

ఇంటికొచ్చి మా పక్కింటి పెద్దాయన్ని అడిగాను. ఆయన పాంపూటీల సంగతి వదిలేసి వాళ్ళ నాయనమ్మ కథ ఎత్తుకున్నాడు. ఆవిడ ఆదివారం పూజకి బూట్లు చేత్తో పట్టుకుని నడిచేదట. ఇంకో మలుపు తిరిగితే చర్చి అనగా వాగులో కాళ్ళు కడుక్కుని అప్పుడు వేసుకునేదట. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే వాగు దగ్గర విప్పేసేదట. కాళ్ళకి వేసుకోవడానికి కొన్నవాటిని చేత్తో మోయడమేంటి? ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడా? మా వాడికి దీని మీదే స్కూలు ప్రాజెక్టు ఉంది, శుక్రవారానికి ఇవ్వాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

కడప_బుల్లోడు
ఇందులో వింతేముంది అక్కా. కాలేజీకి వెళ్ళేటప్పుడు వానొస్తే మేమూ షూస్ విప్పి కవర్లో పెట్టుకుని నడిచేవాళ్ళం. కాలు తడిస్తే ఆరుతుంది, షూ తడిస్తే నాన్న జీతం వచ్చేదాకా ఆగాలి.

గాల్వే_నర్సమ్మ
నిజమే పద్మక్కా, మీ పక్కింటాయన ఆటపట్టించలేదు. నేను గాల్వేలో పెద్దవాళ్ళ నర్సింగ్ హోంలో చేస్తాను. మా దగ్గర తొంభై దాటిన అవ్వ ఒకావిడ ఉంది, కనెమారా వైపు పల్లె. రోజూ రాత్రి ఆవిడ కాళ్ళకి క్రీము రాస్తాను కదా, కథలన్నీ అప్పుడే. ఆ పాదాలు చూస్తే చాలు, సగం అర్థమైపోతుంది. వేళ్ళు విసనకర్ర విప్పినట్టు దేనికది విడిగా ఉంటాయి. చిన్నప్పుడు బూటులో ఇరుక్కోని పాదం అది.

మే నెల వచ్చిందంటే బూట్లు అటకెక్కేవట, మళ్ళీ చలి ముదిరాకే దిగేవట. అదేదో కష్టంలా చెబుతుందనుకున్నాను, కాదు! బూట్లు విప్పేరోజు కోసం పిల్లలు లెక్కపెట్టుకునేవాళ్ళట. ముందుగా విప్పినవాడు స్కూల్లో హీరో. మొదటి వారం కంకర మీద కుంటుకుంటూ నడవడం, ఆ తర్వాత అరికాలు గట్టిపడ్డాక పరుగే. చంకలో ఒక పీట్ గడ్డ కూడా ఉండేదట. బురదనేల కోసి ఎండబెడతారు చూడండి, వాళ్ళ వంటచెరకు. ఇంటికొకటి చొప్పున తెస్తేనే స్కూల్లో పొయ్యి వెలిగేది.

రాయి తగిలి అరికాలి లోపల చీము పట్టడం ఒక్కటే ఆవిడ భయంగా చెబుతుంది. దానికి వాళ్ళ భాషలో బొన్‌వూలా అనో ఏదో అంటుంది, నాకు నోరు తిరగదు.

రాజమండ్రి_మాస్టారు
అమ్మా పద్మా, నేను రిటైరైన తెలుగు మాస్టార్ని, లిమరిక్‌లో మా అమ్మాయి దగ్గరుంటున్నాను. ఇక్కడ చలికి బయటికి పోలేక ఐరిష్ వాళ్ళ జానపద సేకరణ చదువుకుంటూ కూర్చుంటాను. మీ వాడి ప్రాజెక్టుకి అంతకంటే మంచి గని లేదు.

1935లో ఇక్కడి ప్రభుత్వం జానపద విజ్ఞానానికి ఒక కమిషన్ పెట్టింది. 1937 నుంచి 1939 దాకా ఆ కమిషన్ ఒక పని చేసింది, తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. దేశంలో సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల్లో పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఒక హోంవర్కు ఇచ్చారు: మీ తాతనో అవ్వనో అడిగి, పాతకాలం సంగతులు రాసుకురండి. దాదాపు 50,000 మంది పిల్లలు రాశారు. టీచర్లకిచ్చిన అంశాల్లో పాదాల సంరక్షణ కూడా ఒకటి! అందుకే ఈ విషయం మీద ఇంత సమాచారం మిగిలింది. ఇప్పుడంతా దూకస్ అనే వెబ్‌సైట్లో పిల్లల చేతిరాతతో సహా ఉచితంగా దొరుకుతుంది.

ఆ నోటు పుస్తకాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే మాట, పూర్వం పద్దెనిమిదో ఇరవయ్యో వచ్చేదాకా మనుషులు బూట్లు ఎరగరని. కొందరికి పెళ్ళిరోజు బూట్లే మొదటి బూట్లట. పెద్దలు చెప్పేటప్పుడు కాస్త ఉప్పూకారం వేస్తారు, నిజమే. అయినా కౌంటీ కౌంటీకీ ఒకటే మాట వస్తోందంటే కొట్టిపారేయలేం. చేత్తో పట్టుకుని నడవడం కూడా అన్నిచోట్లా ఉంది. చర్చికి, సంతకి, పట్నానికి వెళ్ళే ఆడవాళ్ళు ఊరి పొలిమేర దాకా వట్టికాళ్ళతో నడిచి, అక్కడ కడుక్కుని వేసుకునేవాళ్ళు.

నీ ప్రశ్నకి నా జవాబు ఇదమ్మా. పాదం పనికోసం, బూటు పదిమందిలోకి వెళ్ళడానికి. ఐదు మైళ్ళ రాళ్ళదారిలో అరిగేది బూటు. చర్చిలో నలుగురూ చూసేదీ బూటే. మరి దాన్ని దారికెందుకు ఖర్చుపెట్టాలి?

కడప_బుల్లోడు
మాస్టారూ, పట్టుచీర లెక్కన్నమాట. బస్సులో మామూలు చీర, కల్యాణమండపం బాత్రూంలో పట్టుచీర.

రాజమండ్రి_మాస్టారు
అచ్చంగా అదే బాబూ.

కార్క్_సాగర్
నాది వేరే డౌటు. ఆఫీసుకి వేసుకునే బ్రోగ్ షూస్ ఉన్నాయి కదా, ముందు భాగంలో చిన్న చిన్న చిల్లులతో డిజైన్. మా మేనేజర్ అవి ఐరిష్ షూస్ అంటాడు. బురదలో నడిచేటప్పుడు నీళ్ళు బయటికి పోవడానికి చిల్లులు పెట్టేవాళ్ళట. నిజమేనా?

రాజమండ్రి_మాస్టారు
చిల్లుల కథ అందరూ చెప్పుకునేదే. మాట మాత్రం నిస్సందేహంగా ఇక్కడిదే. బ్రోగ్ అంటే ఐరిష్‌లో చెప్పు, బూటు, ఏదైనా. ఒకప్పుడు ఇక్కడ బ్రోగులు కుట్టేవాళ్ళు వేరు, ఇంగ్లీషు పద్ధతి షూలు కుట్టేవాళ్ళు వేరు, రెండూ రెండు వృత్తులు. బ్రోగుని దారంతో కాకుండా సన్నటి తోలు పట్టీతో కుట్టేవాళ్ళు. కుడి ఎడమ తేడా లేదు, రెండూ ఒకే మూస. ఒకవైపే అరక్కుండా రోజూ కాలు మార్చి వేసుకునేవాళ్ళు.

మీ మేనేజరు గారి బ్రోగుల్ని బురదనేలలో దింపి చూడమనండి, చిల్లుల సంగతి తేలిపోతుంది.

డబ్లిన్_పద్మ
అన్నీ బాగున్నాయి, మరి నా పాంపూటీలు? వెంట్రుకలు బయటికి ఎందుకు?

అలల_అంచున
నేను చెబుతా. పోయిన ఎండాకాలం ఆరన్ దీవులకి వెళ్ళొచ్చాను. గాల్వే అఖాతం నోట్లో మూడు దీవులుంటాయి, మధ్యది ఇనిష్ మాన్. నేలంతా సున్నపురాయి. నున్నగా బండ పరిచినట్టు కాదు, పగుళ్ళు పగుళ్ళు, అంచులు కత్తుల్లా ఉంటాయి. నా స్పోర్ట్స్ షూస్ మూడు రోజుల్లో అడుగు చిరిగిపోయాయి.

సరిగ్గా ఇదే గతి 1898లో సింగ్ అనే ఆయనకి పట్టింది (మన సర్దార్జీ కాదు, ఐరిష్ నాటక రచయిత జాన్ మిల్లింగ్టన్ సింగ్). ఆయన ఆ దీవిలో ఉండి రాసిన పుస్తకం 1907లో వచ్చింది. రాళ్ళు ఆయన బూట్లని కోసేస్తుంటే, బస చేసిన ఇంటివాళ్ళు ఒక జత పాంపూటీలు చేసిచ్చారు. పచ్చి ఆవుతోలు ముక్క ఒకటే, పైన వేళ్ళ దగ్గర, వెనక మడమ దగ్గర చేపల గాలం తాడుతో ముడేసి లాగడం, అంతే. మడమ కింద ఎత్తు లేదు, వేరే అట్ట లేదు. వెంట్రుకలు బయటికి ఉంచేది ఊరికే కాదు, తడిబండ మీద పట్టు దొరుకుతుంది.

అసలు సంగతి పడవలో ఉంది. వాళ్ళ కరక్ పడవ అంటే చెక్క చట్రం మీద తారు పూసిన గుడ్డ. మేకుల బూట్లతో అందులో కాలు పెడితే సముద్రం లోపలికి వచ్చేస్తుంది. పాంపూటీ అయితే మెత్తగా ఉంటుంది.

ఇంకో విషయం, ఇది పచ్చితోలు. ఊనింది, అంటే చెట్టు బెరడు నీళ్ళలో నానబెట్టి పదును చేసింది, కాదు. ఆరితే గట్టిపడి మేజోడునీ కాలినీ కోసేస్తుంది. అందుకే రాత్రి విప్పగానే నీళ్ళ బేసిన్‌లో వేసేవాళ్ళు. పగలు కూడా మధ్యమధ్యలో అలల్లోకి దిగి తడుపుకునేవాళ్ళు. అంటే రోజంతా తడికాళ్ళే! మనం వాన వస్తే జాగ్రత్తపడేది చెప్పు తడవకూడదని, వాళ్ళు జాగ్రత్తపడేది ఆరకూడదని.

గాల్వే_నర్సమ్మ
ఏళ్ళ తరబడి తడికాళ్ళా? నాలోని నర్సుకి టెన్షన్ వస్తోంది. కాళ్ళకి నీళ్ళంటే గుర్తొచ్చింది, మా అవ్వ చెప్పిన ఇంకో సంగతి. వట్టికాళ్ళతో తిరిగి వచ్చాక రాత్రి ఇంట్లో అందరూ ఒకే తొట్టిలో కాళ్ళు కడుక్కునేవాళ్ళట, పొయ్యి ముందు. ఆ కాళ్ళనీళ్ళు ఇంట్లో ఉంచి పడుకోకూడదు. ఉంచితే బయటి నుంచి గాలి జనం, అంటే వాళ్ళ ఫెయిరీలు, తలుపు తట్టి "కాళ్ళనీళ్ళూ, తలుపు తియ్యి" అంటారట. నీళ్ళే లేచి వెళ్ళి తలుపు తీస్తాయట! పారబోసేటప్పుడూ ఊరికే పారబోయకూడదు. ఆ చీకట్లో గాలి జనం నడుస్తుంటారు, వాళ్ళమీద పడితే కోపం. అందుకని జాగ్రత్త, నీళ్ళొస్తున్నాయని ముందు కేకెయ్యాలి. పారబోయడం కుదరకపోతే పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక తీసి నీళ్ళలో వెయ్యాలి.

ఇప్పటికీ ఆవిడ బెడ్ పక్కన కాళ్ళు కడిగిన బేసిన్ ఉంచితే నిద్రపోదు. నైట్ డ్యూటీలో నేను మొదట చేసే పని అదే.

కడప_బుల్లోడు
ఐరిష్ కథల్లో మరుగుజ్జు, ఆ లెప్రకాన్ కూడా చెప్పులు కుట్టేవాడే కదా? ఎప్పుడూ ఒంటి చెప్పే కుడుతుంటాడు, పట్టుకుంటే బంగారం కుండ ఎక్కడుందో చెబుతాడు. లెప్రకాన్ అంటేనే ఒంటి చెప్పువాడు అని అర్థం, ఇక్కడ టూర్ గైడ్ చెప్పాడు. 🍀🍀🍀🍀🍀🍀

మోడరేటర్
బుల్లోడు గారూ, ఆకులు తగ్గించండి. పేజీ పచ్చబడిపోతోంది.

రాజమండ్రి_మాస్టారు
గైడు చెప్పింది జనవ్యుత్పత్తి బాబూ, అంటే మాట పోలికని బట్టి జనం అల్లుకున్న అర్థం. లె బ్రోగన్ అని విరిచి సగం చెప్పు అనో ఒంటి చెప్పు అనో అర్థం తీస్తారు. అసలు పాతరూపం లూకోర్పాన్, చిన్న శరీరం అని చెబుతారు. ఆ పాతకథల్లో వీళ్ళు నీళ్ళలో తిరిగే మరుగుజ్జులు, చెప్పులు కుట్టరు. ఫెర్గుస్ అనే రాజుని నిద్రలో సముద్రంలోకి ఈడ్చుకుపోబోతారు. తర్వాతి కాలపు కథలో వాళ్ళ రాజు విడుదల కోసం తన చెప్పుల్ని ఇచ్చుకుంటాడు, వేసుకుంటే నీళ్ళమీదా నీళ్ళకిందా నడవొచ్చు. ఆకుపచ్చ కోటు, బంగారం కుండ, సుత్తి చప్పుడు ఇవన్నీ తర్వాత అంటుకున్నవే.

అయితే పల్లెజనం ఊహకి గాలి జనంలో కూడా ఒక గ్రేసీ కావాల్సి వచ్చిందంటే, ఊళ్ళో అతనికి ఎంత పేరుండేదో చూడండి. గ్రేసీ అంటే చెప్పులు కుట్టేవాడు. ఆసామీల ఇళ్ళకి ఏడాదికోసారి గ్రేసీ వచ్చి, కొన్ని రోజులు అక్కడే తిని, పడుకుని, ఇంటిల్లిపాదికీ కుట్టి వెళ్ళేవాడు. తోలు ఇంటివాళ్ళదే. దుకాణం ఉన్నవాడి దగ్గరైతే సాయంత్రం ఊరంతా చేరేది. ఒకడు పేపరు చదివితే మిగతావాళ్ళు వాదించుకునేవాళ్ళు. సోమవారం మాత్రం గ్రేసీ దొరకడు. ఆదివారం తాగిన దానికి సోమవారం సెలవు, ఆ వృత్తివాళ్ళకి అదొక ఆచారం. గ్రేసీ పెళ్ళానికీ కమ్మరి గుర్రానికీ కాళ్ళకి ఏమీ ఉండవని సామెత కూడా ఉంది.

కరీంనగర్_రాజేష్
చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నా. మాస్టారు గారి మాట చదివి ఊరికే ఉండలేకపోయా.

మా తాత చెప్పులు కుట్టేవాడు. నేను కార్క్‌లో సాఫ్ట్‌వేర్. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక ఊళ్ళో పాత వస్తువుల ప్రదర్శనకి వెళ్తే, గ్రేసీ బల్ల ఒకటి పెట్టారు. చూడగానే ఆగిపోయా. ఆరె. రంపె. సుత్తి. అన్నీ మా ఇంటివే, పిడి చెక్క మాత్రం వేరు. ఒక్క వస్తువు మాత్రం నాకు కొత్త: కాలు ఆకారంలో చెక్కదిమ్మలు, గోడకి వరసగా వేలాడుతున్నాయి. వాటిమీద అక్కడక్కడా తోలుముక్కలు మేకులతో కొట్టి ఉన్నాయి. ఎందుకని అడిగితే అక్కడున్న పెద్దాయన చెప్పాడు. మనిషి కాలికి బొటనవేలి దగ్గర ఎముక ఉబ్బి ఉంటే, దిమ్మకి కూడా అక్కడ తోలు అతికించి ఉబ్బు చేస్తారట, బూటు ఒరుసుకోకుండా.

దారం ఎట్లా చేసేవాళ్ళో కూడా చేసి చూపించాడు. నాలుగైదు నార పోగులు తొడమీద పేని, నల్ల మైనం ముద్దతో రుద్దుతారు. కొసకి సూది ఉండదు, పంది వెంట్రుక. ఆ వెంట్రుకని చీల్చి పోగుల కొసతో కలిపి మెలిపెడితే ఒకటైపోతుంది. ఆరెతో చిల్లు పొడిచి, ఒకే చిల్లులోంచి అటు ఇటు రెండు కొసలూ దూర్చి, రెండు చేతులూ బార చాపి లాగుతాడు. మా తాత లాగడం కూడా అట్లనే. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినయి, ఆయన పొగ అనుకున్నాడు.

తోలు ఊనడానికి మా దగ్గర తంగేడు చెక్క, వీళ్ళకి ఓక్ చెక్క. వాసన ఒకటే అయ్యుంటది.

కానీ మాస్టారూ, ఊరంతా గ్రేసీ దుకాణంలో కూర్చునేది, ఆయన ఆసామీల ఇళ్ళల్లో తిని పడుకునేవాడు అని రాసిండ్రు. అక్కడే తేడా. మా తాత కుట్టిన చెప్పు ఊరంతా తొడిగింది, ఆయన గడప మాత్రం ఎవరూ తొక్కలే. తెగిన చెప్పుని దూరం నుంచే విసిరేటోళ్ళు. దొర ఇంటి ముందు నుంచి పోవాలంటే ఆయన కుట్టుకున్న చెప్పులు ఆయనే విప్పి చేత్తో పట్టుకోవాలె. చేత్తో పట్టుకోవడం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. పద్మక్క పక్కింటాయన నాయనమ్మ బూటు అరగకుండా కాపాడుకోవడానికి పట్టుకుంది.

రాజమండ్రి_మాస్టారు
రాజేష్ గారూ, ఆ తేడా నేనే రాయాల్సింది, రాయలేదు. మీరు చెప్పాక మళ్ళీ చదివితే నా పోస్టు సగం అనిపిస్తోంది.

గాల్వే_నర్సమ్మ
అన్నా, ఆ నార పేనడం వీడియో ఏమైనా ఉంటే పెట్టగలవా? అవ్వకి చూపిస్తా.

కార్క్_సాగర్
మరి ఈ గ్రేసీలంతా ఏమయ్యారు?

రాజమండ్రి_మాస్టారు
ఏ దేశంలోనైనా ఏమయ్యారో అదే. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఇంగ్లండ్ ఫ్యాక్టరీల బూట్లు చవగ్గా వచ్చిపడ్డాయి. కుట్టేవాడు అతుకులేసేవాడయ్యాడు. 1930లలో ఇక్కడి ప్రభుత్వం దిగుమతుల మీద సుంకాలు పెంచి సొంత ఫ్యాక్టరీలని ప్రోత్సహించింది, డండాక్ పట్నం బూట్లకి పేరుపడింది. కార్క్‌లో డన్‌లప్ వాళ్ళు రబ్బరు బూట్లు చేశారు. పొలంలో మేకుల తోలుబూటుని తోసేసింది ఆ రబ్బరు బూటే. నీళ్ళు దిగవు, కొవ్వు రాయక్కర్లేదు, లోపల గడ్డి కుక్కుకుంటే వెచ్చన.

అలల_అంచున
కొవ్వు అంటే బాతుకొవ్వు కదా మాస్టారూ? తోలు బూట్లకి నీళ్ళు పట్టకుండా అదే రాసేవాళ్ళని దీవిలో చెప్పారు.

రాజమండ్రి_మాస్టారు
అవును, పెద్దబాతు కొవ్వు. ఉన్నవాళ్ళింట్లో.

డబ్లిన్_పద్మ
అందరికీ థాంక్స్. ప్రాజెక్టు ఇచ్చేశాం. ఏం జరిగిందో చెప్పాలి.

మా వాడు పాంపూటీ చేసి తీరాలన్నాడు. పచ్చి ఆవుతోలు నేనెక్కడ తేను? మా ఆయనకి ఐడియా వచ్చింది: కుక్కలు కొరకడానికి అమ్మే పెద్ద తోలు ఎముక. అది కూడా ఊనని తోలే, చుట్టి ముడేస్తారు. బకెట్లో రాత్రంతా నానబెడితే ముడి విడిపోయి, పొద్దున్నకి తడి అప్పడంలా తెల్లటి తోలు పరుచుకుంది. వెంట్రుకలు లేవు, సరిపెట్టుకున్నాం. మా వాడి కాలు పెట్టి పెన్నుతో గీసి, చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు వదిలి కోశాం. అంచుల్లో చిల్లులు పొడిచి, గాలం తాడు బదులు గాలిపటం దారం దూర్చి లాగితే ముందర కుచ్చు పడి, నిజంగా చెప్పులా నిలబడింది! బాత్రూం టైల్స్ మీద జారలేదు కూడా.

గురువారం రాత్రి అలిసిపోయి హీటర్ పక్కన పెట్టి పడుకున్నాం. అలల అంచున గారు అంత వివరంగా రాసినా బేసిన్ సంగతి మర్చిపోయాం. పొద్దున చూస్తే ఒకటి పడవలా పైకి ముడుచుకుపోయింది, రెండోది చెక్క. తడితే టక్ టక్ అంటోంది. మా వాడు కాలు దూర్చబోతే మడమ దగ్గర గీసుకుంది. ఏడుపు, హడావిడి, స్కూలు టైం అయిపోతోంది. చివరికి ఐస్‌క్రీం డబ్బాలో నీళ్ళు పోసి, రెండిటినీ అందులో ముంచి మూతపెట్టి బస్సెక్కించాను.

స్కూల్లో టీచరు మూత తీసి, ఇవి నీళ్ళలో ఎందుకున్నాయని అడిగిందట. మా వాడు ఆరకూడదు కాబట్టి అన్నాడట. ఆవిడ వాళ్ళ తాతది ఇనిష్ మానేనట. క్లాసులో అందరికీ ఆ మడమ గీత చూపించిందట, చెప్పులకంటే ముందు.

కడప_బుల్లోడు
ఇప్పుడు ఎక్కడున్నాయి అక్కా?

డబ్లిన్_పద్మ
ఇంకా అదే డబ్బాలో. వాసన మొదలైంది. పారబోసేటప్పుడు కేకెయ్యాలా, నర్సమ్మా?

గాల్వే_నర్సమ్మ
అవ్వనడిగాను. నవ్వింది. కాళ్ళనీళ్ళకే గానీ చెప్పులనీళ్ళకి అక్కర్లేదంది. కాసేపాగి, "అయినా కేకెయ్యమను" అంది.